రాఘవేందర్‌కు చెందవలసిన అట్టముక్క

చిక్కడపల్లి నివాసిని, కీర్తిశేషులు జగన్నాథరావు గారి భార్యను, యాభై ఆరేళ్ల ప్రభావతిని, నేను ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఈ ఉదయం నా బీపీ 128/82. నాకు మతిస్థిమితం లేదని మా మరిది రాఘవేందర్ రేపు కోర్టులో అనబోతే ఈ అంకె చూపించాలి. అమలు బాధ్యత నారాయణగూడ వకీలు శ్రీశైలం గారిది.

1. మా అత్తగారు అనసూయమ్మ గారు రిజిస్టరు చేసి నాకిచ్చిన ఇల్లు నా అక్క కూతురు శ్రీదివ్యకు చెందుతుంది. వీధి అరుగు మాత్రం పగలగొట్టరాదు. పూలమ్మే మాసమ్మ బతికినంతకాలం అక్కడే కూర్చుంటుంది. అరుగు తీసిన రోజున ఇల్లు మాసమ్మదవుతుంది. బిల్డర్‌ను వెంటేసుకుని రెండుసార్లు వచ్చిన రాఘవేందర్‌కు ఇందులో ఒక్క ఇటుక కూడా లేదు.

2. రాఘవేందర్‌కు చెందవలసినవి మూడు: నా బీపీ మిషను, నా నోటుబుక్కు, ఒక అట్టముక్క.

కారణం రాస్తున్నాను. అత్తగారు ఆ అరుగు మీద రోజుకు తొమ్మిది పదిమందితో మాట్లాడేవారు. బీపీ 140 దాటేది కాదు. 2010 జూలైలో ఒకసారి కళ్లు తిరిగితే డాక్టరు రెస్ట్ కావాలన్నాడు. రెస్ట్ అంటే మాటలు బంద్ అనుకున్నాడు మరిది. "ఎవ్వరు మాట్లాడియ్యకుంటే అదే తగ్గుతది వదినా" అని విద్యానగర్‌లో తన మూడో అంతస్తుకు తీసుకుపోయి, గది తలుపుకు 'డిస్టర్బ్ చేయొద్దు' అని అట్ట కట్టాడు. నేను ప్రతి గురువారం పోయి బీపీ చూసి, ఆ వారం నేను కాక ఎందరు పలకరించారో పక్కన రాశాను. మొదటి నెల 150, ఇద్దరు. ఆరో నెల 176, సున్నా. తరువాత తిండి తగ్గింది. పేర్లు మరిచిపోయారు. డెబ్బయ్యో గురువారం నన్ను గుర్తుపట్టలేదు గాని, "మాసమ్మ పూలు అమ్ముడువోయినయా?" అని అడిగారు. ఆదివారం పోయారు. ముసలామెకు వయసైపోయిందన్నాడు మరిది, పదో రోజు భోజనాల దగ్గర.

176 చూసిన రోజే ఆటో పిలిచి తీసుకురావలసింది. ఇల్లు రాయించుకున్నది కాబట్టి ప్రేమ నటిస్తోందంటారని జంకాను. ఆ తప్పు నాది. అదీ నోటుబుక్కులో ఉంది.

నా పదకొండో రోజున బంధువులందరి ముందు శ్రీశైలం గారు దాన్ని మొదటి పేజీ నుంచి చదవాలి. మరిది లేవకుండా వినాలి. నకళ్లు అతని కొడుకులు అనురాగ్, అభిజిత్‌లకు ఇవ్వాలి. తండ్రికి రెస్ట్ ఎట్లా ఇవ్వాలో అందులో వివరంగా ఉంది. అట్ట పాడవకుండా దాచాను. తలుపుకు కట్టడానికి కొత్త దారం కూడా పెట్టాను.

3. అత్తగారి మంచినీళ్ల రాగిచెంబు మాసమ్మకు. ఎండాకాలం ఆమె నీళ్లు తాగింది దాంతోనే.

4. నేను పోయాక నన్ను అరుగు మీదే పడుకోబెట్టాలి. వచ్చిన వాళ్లెవరినీ మెల్లగా మాట్లాడమనవద్దు.

చిక్కడపల్లి, 14 మార్చి 2013, గురువారం.

(సంతకం) ప్రభావతి

ఆమె మా కళ్లముందే సంతకం చేసిందని సాక్షులం:
ఉప్పలయ్య, ఎదురింటి టైలర్
రేణుక, పక్కింటి ఆమె