అప్పయమ్మకు చెమట పడుతోంది

భిలాయి, క్యాంప్ 2,
మే నెల, ఆదివారం.

మహాలక్ష్మీ సమానురాలును, తుపాకీ లేని సిపాయియును అగు బిందుప్రియ అక్కకు, తమ్ముడు అటెన్షన్‌లో నిలబడి చేయు నమస్కారములు.

ఇక్కడ నేను, నాన్న, కూలరు క్షేమం. ముగ్గురిలో మాట్లాడేది కూలరొక్కటే. నీ కొండ మీద ఫోనుకు సిగ్నల్ లేకపోవడం వల్ల నా చేతిరాత బాగుపడుతోంది. సైన్యానికి నా కృతజ్ఞతలు తెలియజేయగలవు.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నామా? తింటున్నాం. వండడం నా వంతు, మౌనంగా మింగడం నాన్న వంతు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? అడిగితే తల ఊపుతాడు. ఆ ఊపు అవునో కాదో మీ మిలిటరీ ఆసుపత్రిలో టెస్టు చేయించాలి. బట్టల దుకాణం తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఇక నా బొమ్మలెలా ఉన్నాయి, అప్పయమ్మను పార్సిల్‌లో ఎప్పుడు పంపుతావు అని అడిగావు. దీనికి కాస్త స్థలం కావాలి.

అమ్మ పోయాక నువ్వు డ్యూటీకి వెళ్ళిన మర్నాడే నాన్న నీ బొమ్మలన్నిటినీ దుకాణం కవర్లలో చుట్టి, గట్టిగా ముడులు వేసి, ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. మొన్న మూత తీశాను. పాత రెయిన్‌కోటు వాసన. నువ్వు నర్సువి కనుక కేసు నీ భాషలోనే రాస్తాను.

పేషెంటు పేరు అప్పయమ్మ. పసుపు జుట్టు, నీలం కళ్ళు, పేరు మాత్రం మన నాయనమ్మది. అత్తగారి మీద కోపం వచ్చినప్పుడల్లా ఎదురుగా కూర్చోబెట్టి తిట్టుకోవడానికి అమ్మ పెట్టిన పేరు. ఒళ్ళంతా జిగురు చెమట. పట్టుకుంటే వేళ్ళు వదలదు. అమ్మ కుట్టిన ఎర్ర లంగా రంగు నడుములోకి దిగింది. కవరు మీద అచ్చు వీపుకు అంటుకుని, మన దుకాణం పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. మిగతావాళ్ళకు తేలికపాటి జిగురే. షోకేసు తలుపు తీసి కూర్చోబెట్టాను.

నా బీఎస్సీ కెమిస్ట్రీ తొలిసారి పనికొచ్చింది. ఈ బొమ్మల ప్లాస్టిక్, అదే వినైల్, మెత్తగా ఉండాలని అందులో నూనెలాంటిది కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది పైకి ఊరుతుంది. వేడి తగిలినా, గాలాడకుండా ప్లాస్టిక్‌లో బిగించినా ఇంకా తొందరగా. నయం కాదు. సబ్బు నీళ్ళ గుడ్డతో తుడవాలి, గాలి తగలనివ్వాలి. మళ్ళీ ఊరుతుంది, మళ్ళీ తుడవాలి.

నాన్న వచ్చి చూశాడు.

"ఏటిరా దీనికి, జొరమేటి?"

"ఎండ నాన్నా. భిలాయి ఎండకి మనుషులే కరిగిపోతున్నారు."

తల ఊపి వెళ్ళిపోయాడు.

ఎర్ర మరకకు మొటిమల క్రీము పనిచేస్తుందట. మందుల షాపువాడు నా నున్నటి మొహం కేసి జాలిగా చూసి, "రాత్ కో లగానా భయ్యా" అని, రాత్రిపూట రాసుకోమన్నాడు. పెళ్ళిలోపు తగ్గిపోతుందని ధైర్యం కూడా చెప్పాడు.

క్రీము రాయాలంటే లంగా తీయాలి. తీయడానికి హుక్కు లేదు. నువ్వు బొమ్మల బట్టలన్నీ ఎక్కడో పారేస్తున్నావని అమ్మ దాన్ని ఒంటి మీదే కుట్టేసింది కదా. కత్తెర పట్టుకుని కూర్చుండిపోయాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కొయ్యరా."

"అమ్మ కుట్లు నాన్నా."

"మీ అమ్మయితే ఈపాటికి కోసీసి కొత్తది కుట్టీసును. ఇలా తే."

కత్తెర పక్కన పెట్టి, సూదితో ఒక్కొక్క కుట్టూ విప్పాడు. లంగా మడిచి నా చేతికిచ్చి, బొమ్మను బోర్లా తిప్పాడు.

"ఎండన్నావు. ట్రంకు పెట్టిలోకి ఎండెలగొచ్చిందిరా?"

నేను చేతిలోని లంగాను ఇంకో మడత పెట్టాను.

"ఈపు మీదున్నది మన దుకానం పేరే కదేటి. దుమ్ము పడిపోద్దని నేనే బిగించీసేను."

అమ్మ లంగా దించిన ఎరుపును అలాగే ఉంచేశాం. క్రీము మూత తీయలేదు. మొటిమలు వస్తే నేనే వాడుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. అప్పయమ్మను నేను పంపడం లేదు. నీ కొండ చలిలో అది ఇక్కడికంటే ఎక్కువ కాలం ఉంటుందని తెలుసు. అమ్మ చేతిది ఒక్కటైనా దగ్గరుండాలని అడిగావనీ తెలుసు. అందుకే లంగా ఈ కవరులో పెడుతున్నాను. విప్పిన దారం కూడా నాన్న ఒక గుండీకి చుట్టి ఇచ్చాడు, అదీ నీకే.

బొమ్మను మాత్రం అడక్కు. నాన్న దుకాణం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, గిన్నెలో సబ్బు నీళ్ళు కలుపుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. తుడుస్తూ మాట్లాడుతున్నాడక్కా. "ఇయాల బేరాల్లేవే. ఒకావిడొచ్చి చీరలన్నీ తీయించీసి, ఊరికే ఎలిపోనాది. మీవోడు చారులో మళ్ళీ ఉప్పెక్కువేసినాడు." అచ్చం అమ్మకు చెప్పినట్టే. నాకింకా తల ఊపుడే.

కూలరు చప్పుడులో ఆ మాటలు వినపడవు. వేడి అప్పయమ్మకు మంచిది కాదని నీకు నేనే పైన రాశాను. అయినా నాన్న గిన్నె తీసుకోగానే వెళ్ళి కూలరు ఆపేస్తున్నాను.

ఇట్లు,
చారులో ఉప్పు ఎక్కువేసిన నీ తమ్ముడు,
మనోజ్‌కుమార్