పేరు రాయని కాగితం

సోమవారం, ఉదయం
పుస్తకాల కొట్టు నుంచి

చిన్నీకి,

మీ అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నాను. అక్కడ అమ్మాయీ పసిబిడ్డా కులాసా అని తలుస్తాను.

నాలుగు రోజులుగా ఇక్కడ ముసురు. పుస్తకాలు చెమ్మ వాసన వేస్తున్నాయి. గోడవైపు అరల్లోవన్నీ దించి, బల్ల మీద నిలబెట్టి ఫ్యాను తిప్పాను. వెనక హాల్లో బొమ్మల ఫ్రేములకు మూలలు విచ్చుకున్నాయి. ఫ్రేముల మేస్త్రి రెండింటిని విప్పి మళ్ళీ జిగురు పెట్టి బిగించాడు. అతని కుడిచేతికి మిగిలినవి బొటనవేలూ చూపుడువేలే కదా. ఆ రెంటితో మేకు పట్టుకుని ఎడమచేత్తో సుత్తి వేస్తాడు. ఒక్క మేకూ వంకర పోదు.

అసలు సంగతి రాయడానికి చేతులు రాక ఇవన్నీ రాస్తున్నాను.

అమ్మాయి వాళ్ళింట్లో ఫోను లేదు. అందుకని ఈ ఉత్తరం మేస్త్రి చేతికిచ్చి రెండింటి బస్సుకు పంపుతున్నాను. మరిది రేపు అక్కడికి వస్తానన్నాడు. అతను వచ్చేలోగా నువ్విది చదివి, ఏం చెప్పాలో అనుకుని ఉండాలి.

నీ కాగితం నిన్న చదివారు. చదివింది మీ ఆయనే.

నెలకోసారి ఇక్కడ కాగితాలు చదివే సభ ఎలా జరుగుతుందో నీకు తెలుసు. రాసినవాళ్ళు పేరు వెయ్యరు. చేతిరాత పోల్చకుండా నేనే టైపు కొట్టి, మడిచి, పెట్టెలో వేస్తాను. ఒకరు రాసింది మరొకరు తీసి చదువుతారు. నీది మాత్రం అతను ఊళ్ళో లేని నెలలోనే చదివిస్తానని నీకు మాటిచ్చాను. అది మిగతావాటిలో కలిసిపోయింది. పదకొండు చీటీలుంటే అదే అతని చేతికి రావాలా.

నిన్న దర్జీ వేసిన బొగ్గు బొమ్మల ప్రదర్శన మొదలు. కుట్టుపని లేనప్పుడు కొట్లో కూర్చుని ఎదురుగా పనిచేసేవాళ్ళను చూసి వేసినవి. ఫ్రేములకు కర్ర ఇచ్చింది కోతమిల్లు గనక దాని సూపర్‌వైజరని మరిదిని ముఖ్య అతిథిగా పిలుద్దామన్నారు. నాలుగింటికల్లా వచ్చాడు. గొడుగు మడిచి బయటే నీళ్ళు దులిపి, చెప్పులు తుడుచుకుని లోపలికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ బాగా లేదు, నువ్వు లేవు కదా. ముప్పై మంది దాకా ఉన్నారు. మొదటి చీటీ అతిథిదే అని పెట్టె ముందు పెట్టాను. తీశాడు.

మొదటి నాలుగు లైన్లు బాగానే చదివాడు. ఎవరో ఒకామె ఒక పని మీద కోతమిల్లుకు వెళ్ళింది, రంపం తిరుగుతోంది, పొట్టు ఎగురుతోంది. జనం కూడా అలవాటుగా వింటున్నారు. అయిదో లైనుకు వచ్చేసరికి ఆగాడు. కాగితం కొంచెం దూరంగా పట్టుకున్నాడు. ఆ తరవాత ఒకేసారి చివరి పేరాకు వెళ్ళిపోయాడు.

వింటున్నవాళ్ళకు అర్థం కాలేదు. ముందు వరసలో లెక్కల టీచరమ్మ ఉంది, రిటైరై పదేళ్ళయినా ఎవరు లెక్క తప్పుతారా అని చూస్తూనే ఉంటుంది. మధ్యలో ఏదో పోయింది బాబూ, చెయ్యి ఎట్లా తెగిందో చెప్పకుండా ఆస్పత్రికి ఎట్లా వెళ్ళారూ అంది.

అక్కడ అక్షరాలు అలుక్కుపోయినయ్ టీచర్‌గారూ అన్నాడు.

నేను టైపు కొట్టింది చిన్నీ, ఒక్క అక్షరం అలుక్కుపోలేదు.

ఆమె లేచింది. దుంగ మీద గీత చూసి దాని వయసు చెప్తావటగా, ఈ నాలుగు ముక్కలు కనపళ్ళేదా, ఇటు తే అంది. అందరూ నవ్వారు. అంతమంది నవ్వుతుంటే ఇవ్వనని అనలేడు. ఇచ్చాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, క్లాసులో చదివినట్టే గట్టిగా చదివింది. రంపం మీద ఉండాల్సిన ఇనుప మూత పొద్దున్నుంచీ గోడకు ఆనించి ఉందనీ, దాని మీద ఒక తువ్వాలు ఆరేసి ఉందనీ, మూత ఉంటే కోత నెమ్మదిస్తుందని తీయించింది వేళ్ళు పోయిన మనిషి కాదనీ, ఆ మనిషి తాగి పనిలోకి వచ్చాడని యజమానికి చెప్పింది ఆ తీయించిన ఆయనేననీ.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నేను మరిది వైపు చూడలేదు. అతని చెప్పుల వైపు చూశాను. కదల్లేదు.

మేస్త్రి వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో జిగురు డబ్బా. టీకొట్టాయన అతని పక్కనే. అయితే నువ్వు ఆ రోజు తాగలేదన్నమాట అన్నాడు. మేస్త్రి గొంతు పెంచలేదు. మూడేళ్ళుగా చెప్తున్నా కదన్నా, నేను చెప్పినప్పుడల్లా నువ్వు టీ వడగడతా నవ్వేవాడివి అన్నాడు. టీకొట్టాయన తల దించుకున్నాడు. డబ్బా మూత పెట్టి మేస్త్రి పని గదిలోకి వెళ్ళిపోయాడు.

మిగతా చీటీలు ఎవరూ తియ్యలేదు. బొమ్మలు చూస్తున్నట్టు కాసేపు నిలబడి ఒక్కొక్కరే జారుకున్నారు. దర్జీ పాపం, మొదటి ప్రదర్శన, ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని గోడ దగ్గరే నిలబడ్డాడు.

మరిది ముందుగదిలోకి వచ్చాడు. స్కూలు పుస్తకాల అర దగ్గర ఒక అట్లాసు తీసి పేజీలు తిప్పాడు. నేను కౌంటరు వెనక్కి వెళ్ళాను. మధ్యలో బల్ల ఉండటం మంచిదనిపించింది.

ఎప్పుడు రాశారు వదినా ఇది అన్నాడు.

ఎవరు రాసిందీ చెప్పకూడదు, ఇక్కడి రూలు అది అన్నాను.

ఎవరని నేనడగలేదు కదా అన్నాడు.

ఆ తువ్వాలు గురించి నువ్వు రాయకుండా ఉండాల్సింది. లేదా నేనైనా టైపులో తీసేయాల్సింది. అన్నం క్యారియర్ తీసుకెళ్ళిన రోజున దాన్ని ఉతికి అక్కడ ఆరేసింది నువ్వే కదా. అది నీకూ అతనికీ తప్ప తెలియదు.

అట్లాసు తీసినచోటే పెట్టాడు. మనవరాలిని చూడ్డానికి మంగళవారం పోతున్నా, మీ చెల్లికేమన్నా పంపిస్తావా అన్నాడు. ఏమీ లేదన్నాను. గొడుగు తీసుకుని వెళ్ళాడు. వాన పడుతూనే ఉంది, గొడుగు విప్పలేదు.

అతను చెయ్యెత్తే మనిషి కాదని నాకు తెలుసు. అతని పద్ధతి వేరు. వాళ్ళ అన్నతో మాట మానేసి తొమ్మిదేళ్ళు ఒకే అరుగు మీద నడిచాడు. ఆయన పోయినరోజు కూడా ఒక్క మాట బయటికి రాలేదు. నీతో అట్లా మొదలుపెడితే ఆ ఇంట్లో నువ్వు ఎట్లా ఉంటావు? ఈ ఉత్తరమంతా ఆ ఒక్క భయంతోనే రాస్తున్నాను.

పొద్దున మేస్త్రి తలుపు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు. నేనే రాశానని చెప్పనా అమ్మా అన్నాడు. తువ్వాలు సంగతి నీకెట్లా తెలుసంటే ఏమంటావన్నాను. రంపం ముందు నిలబడింది నేను, గోడ నాకెదురే అన్నాడు. చూశావా అన్నాను. లేదమ్మా, రంపాన్ని చూస్తానా గోడల్ని చూస్తానా, చూశానంటా అన్నాడు. ఇన్నాళ్ళూ నిజం చెప్తే ఒక్కడూ నమ్మలేదు, ఈ ఒక్క అబద్ధం నమ్ముతారు లెండి అని నవ్వాడు. అతను నవ్వగా నేను చూడటం ఇదే.

అందుకే అతన్నే పంపుతున్నాను. నువ్వు ఏది చెప్పమంటే అది చెప్తాడు. నేను రాయలేదు అంటావా, అతను రాశానంటాడు. అది నమ్మకపోతే నేను రాశానంటాను. రాశాను అంటావా, అదీ నీ ఇష్టమే. అప్పుడు అతనితో ఆ ఇంటికి తిరిగి పోకు, అమ్మాయికి పెద్దమ్మ ఇల్లు ఉంది, నీకు అక్క ఇల్లు ఉంది. పైగది ఖాళీ చేస్తున్నాను. పాత పత్రికలన్నీ కిందికి దించాను.

అమ్మాయికి ఇవేవీ చెప్పకు. పాప ఎవరి పోలికో రాయి.

మీ అక్క

తాజా కలం: పైన ఒకచోట అబద్ధం రాశాను. మేస్త్రి తిరిగొచ్చి నీ మొహం ఎట్లా ఉందో చెప్పాక నాకు ఇది చెప్పే ధైర్యం ఉండదు, ఇప్పుడే చెప్తున్నాను. నీ కాగితం ఎందులోనూ కలిసిపోలేదు. నిన్న మరిది ముందు పెట్టిన పెట్టెలో పదకొండు చీటీలూ నీ కాగితమే. శనివారమంతా కూర్చుని పదకొండుసార్లు టైపు కొట్టాను. మిగతావాళ్ళవి వేరే పెట్టెలో కౌంటరు కింద పెట్టాను. అతన్ని అతిథిగా పిలవమని దర్జీకి చెప్పిందీ నేనే. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. మేస్త్రి మిల్లు పోయి నా దగ్గర పనిలో చేరిన మొదటి ఆరు నెలలూ, పొద్దున అతను రాగానే ఏదో సాకుతో దగ్గరికి వెళ్ళి నోటి వాసన చూసేదాన్ని. అతనికి తెలిసేది. తెలిసి, కాస్త వంగి నిలబడేవాడు. నీ కాగితం చదివిన రోజు నుంచీ అది నాకు నిద్రలో కూడా వస్తోంది. ఇది నీకు సరిపోయే జవాబు కాదు. నా తప్పు నీ ఇంటి మీదికి తెచ్చాను.

పన్నెండుంబావు. మిల్లు వాచ్‌మన్ ఇప్పుడే వచ్చి చెప్పి వెళ్ళాడు. మరిది రేపటిదాకా ఆగలేదు, పదకొండింటి బస్సుకు వెళ్ళిపోయాడు. మేస్త్రి రెండింటికి బయలుదేరుతున్నాడు.