తోక కింద నాడి

మార్చి 3, సోమవారం

మా ఎద్దు పుల్లోడు తల వంకర పెట్టుకోని నిలబడతాండాడు. కుడి కొమ్ము గోడకు రుద్దతాడు. ఈ పొద్దు ముక్కులో రక్తం వచ్చె. శివరాత్రి పందెంలో బండ లాగినప్పుడు బాగానే ఉండె. పందెంలో దెబ్బ తగిలిందిలే అన్న్యాడు మా నాయన. నాకట్ల అనిపించల్యా. చెప్పల్యా. మనుషుల ముందర నాకు నోరు రాదు. అందుకే వాట్సాప్‌లో నా నంబరుకే పెట్టుకుంటాండా.

మార్చి 5, బుధవారం

పశువుల డాక్టరు యామిని మేడం వచ్చె. కొమ్ము తట్టి చూసె. క్యాన్సరంట. కొమ్ముకు గూడా వస్తాదా?

మొదలంటా కోసెయ్యల్ల, లేకుంటే తలకెక్కుతాది అనె. ఒంటికొమ్ము ఎద్దును పందేనికి ఎవురు పిలుస్తారు మేడం అన్న్యాడు నాయన. ముందు బతకనీ రంగన్నా, పందెం యాడికీ పోదు అనె.

మత్తు సూది ఏస్తారంట. అది గుండెను నిదానం చేస్తాదంట. అందుకే ఒకరు తోక కింద ఏలు పెట్టి నాడి చూస్తా ఉండల్ల. ఎవురుంటారు అనె. మాయమ్మ నన్ను ముందుకు తోసె.

మేడం నా ఏలు పట్టుకోని తోక కింద పెట్టె. లోపల ఎవురో తలుపు తట్టినట్ల ఉండె. మామూలుగా నిమిషానికి అరవై దగ్గర ఉండల్ల. మత్తులో నలభైకి దిగితే భయం లేదు. ముప్పైకి దిగినా, నడమ నడమ తప్పినా అరవమనె. అరిసేదా? నేనా?

మార్చి 6

రేపు ఆపరేషన్. మేత పెట్టగూడదంట. పుల్లోడు నన్ను చూసి ఒకటే అరుపు. నేను గూడా బువ్వ తినల్యా. నీకేమన్నా కొమ్ములుండాయారా అని మాయమ్మ తిట్టె.

మార్చి 7, పొద్దున 6

నాయన కొట్టంలో ఉండె. చేతిలో సూది. పందెం నాడు ఎద్దు జోరుగా లాగల్లని, పందేలాడే జయపాల్ ఇచ్చిన ఉషారు సూది, సగం మిగిలింది. పుల్లోని మెడకు ఏసినాడు. నన్ను చూసినాడు.

మత్తుకు గుండె నీరసపడతాదని మేడమే చెప్పె గదరా, అందుకే గట్టి చేస్తాండా, నువ్ గమ్మునుండు అన్న్యాడు.

నిజమేనేమో. అది దించుతాది, ఇది లేపుతాది. రెండూ కలిస్తే సరిపోతాదేమో. కాదేమో. తెల్దు.

మార్చి 7, మధ్యాన్నం 2

ఇంతసేపూ టైపు రాల్యా.

ఏమన్నా మందులు ఏసినారా అని మేడం అడిగె. నీళ్లు గూడా ఇయ్యల్యా మేడం అన్న్యాడు నాయన. ఆమె చేతులు కడుక్కుంటా, నాడి ఎంత ఉండాదిరా వీరభద్రా అనె. ఏలు పెట్టినా. ఉరుకుతాండాది. నూరు దాటిపాయె. ఎంతరా అని మళ్లా అడిగె. నాయన నన్నే చూస్తాండాడు.

అరవై అన్న్యా.

సూది ఏసె. పుల్లోడు తల దించె. జొల్లు కారె. ఎనిమిది మంది తాళ్లు పట్టుకుంటే నిదానంగా ఒరిగె. నా ఏలి కింద కొట్టె. కొట్టె. కొట్టల్యా. కొట్టె. కొట్టల్యా. కొట్టల్యా.

మేడం కత్తి తీసుకునె. నాయన ఇంకా నన్నే చూస్తాండాడు.

తప్పుతాండాది మేడం అని అరిసినా. పొద్దున నాయన పందెం సూది ఏసినాడు, అరవై కాదు, నేను అబద్ధం చెప్పినా అని. అంత పెద్దగా ఎప్పుడూ మాట్లాడల్యా నేను. అందరూ నా తట్టే చూసిరి.

మేడం కత్తి పెట్టేసి స్టెతస్కోపు పెట్టె. మత్తు ఇరిగే సూది ఏసె. ఎంతసేపో. కడాకు పుల్లోని చెవి కదిలె.

కొమ్ము కొయ్యల్యా. ఒక మందు పగ్గం పట్టి లాగుతాంటే ఇంకోటి ముల్లుగర్రతో పొడుస్తాండాది, ఆ గుండె ఎటు పోవల్లప్పా అని నాయన్ని తిట్టిపోసె మేడం.

మార్చి 8

నాయన నాతో మాట్లాడల్యా.

మార్చి 10

మాట్లాడల్యా.

మేడం ఫోన్ చేసె, వారంలో మళ్లా చెయ్యల్లని. నాడి తప్పింది పందెం సూదికేనా అని అడిగినా. అయ్యుండొచ్చు, ఒక్కోసారి ఒట్టి మత్తుకు గూడా తప్పుతాది, ఇదే అని చెప్పలేం అనె.

చెప్పలేరా? మరి నేను ఎనిమిది మందిలో నాయన పరువు ఎందుకు తీసినట్ల? అరవకుంటే పుల్లోడు సచ్చిండునా? లేకుంటే ఈపాటికి కొమ్ము పొయ్యి బాగుండునా? ఎంత ఆలోసించినా ఆడికే వస్తాండా.

మార్చి 12

టీ కొట్టు కాడ ఓబుళేశు మామ, ఏం రంగన్నా, ఇంట్లో గుసగుసలు గూడా మాన్యావంటనే, కొడుకు ఇని నలుగుర్లో అరుస్తాడని అన్న్యాడంట. నాయన టీ తాగకుండా వచ్చినాడు.

బువ్వ కాడ మాత్రం, వాడు తిన్న్యాడా అని అడిగినాడంట. మాయమ్మ చెప్పె.

మార్చి 14

రక్తం ఎక్కువాయె. కొమ్ము కొంచెం వంగింది. మళ్లా మత్తు ఏయించను, సస్తే నా కళ్ల ముందర మెలకువతో సస్తాడు అంటాడు నాయన. మాయమ్మ ఏడిసె. ఎవురు చెప్పేది కరెక్టో నాకు తెల్దు.

మార్చి 17, సాయంత్రం

నాయన మాట్లాడినాడు.

పుల్లోనికి నీళ్లు పెడతాంటే వచ్చి నిలబడినాడు. మళ్లా తోక పట్టుకుంటావా అన్న్యాడు. ఆ అన్న్యా. తప్పితే అరుస్తావా? అరుస్తా. నేను గుడ్లురిమి చూస్తాన్నా గూడానా? గూడా.

శానాసేపు పుల్లోని గంగడోలు నిమిరినాడు. అయితే మేడానికి ఫోన్ చెయ్యి పో అన్న్యాడు.

మార్చి 18, పొద్దున 7

ఈసారి ఏమేసినారప్పా అని మేడం అడిగె. నాయన నన్ను చూపించి, వాణ్ని అడుగు మేడం అన్న్యాడు.

ఏమీ ఏయల్యా అన్న్యా. ఆమె గూడా స్టెతస్కోపు పెట్టి చూసుకునె.

మార్చి 18, మధ్యాన్నం

నలభై రెండుకు దిగె. ఒకసారి తప్పె. అరిసినా. మేడం ఇని, భయం లేదు అనె. కొమ్ము పాయె. పుల్లోడు లేసినాడు, తూలతా.

అందరూ పాయిరి. నాయన తోక కింద ఏలు పెట్టుకోని నిలబడినాడు. ఎంతకీ తీయడు. ఎంత నాయనా అని అడిగినా.

ఉండాదిలే అన్న్యాడు.