అవతలి గట్టు సర్వరు

సెప్టెంబరు 3

మా రైతులు ఫోన్లలో మాటలు రాసుకోవడానికి పెడుతున్న సర్వరుకి పేరు ఖాయం. ఒకసారి పెట్టాక మార్చడానికి లేదు. మార్చాలంటే అంతా చెరిపి మొదటి నుంచి రావాలి. అందుకే మూడు రోజులు పట్టింది. రొయ్యల రైతుల సంఘానికి అధ్యక్షుణ్ణి కాబట్టి తన పేరే ఉండాలన్నాడు రమణయ్య. ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి 'ఇవతలి గట్టు'.

ఉప్పుకాలవకి అవతల ఉన్న రైతులని మా దాంట్లోనే చేరమంటే — "మీ ఇంట్లో మేమెందుకు కూర్చోవాలబ్బా?" కాబట్టి వాళ్ళ సర్వరు వాళ్ళది, మాది మాది. రెండు సర్వర్లూ మాట్లాడుకుంటాయి. మనుషులు మొహాలు చూసుకోనక్కర్లేదు.

సెప్టెంబరు 5

నా షాపులో జిరాక్సుల మధ్య ఇన్‌స్టాల్ చేశాను. పాస్‌వర్డులో ఒక్క గుర్తు తప్పు. రెండు గంటలు పోయాయి.

సెప్టెంబరు 8

అవతల సర్వరు నడిపేది జ్యోతి. రొయ్యల ల్యాబులో పని. వాళ్ళ నాన్నకి కాలవ పక్కనే నాలుగు రొయ్యల గుంటలు. మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఫోనే. "అన్నా, మీ పోర్టు మూసుండాది. నేను తలుపు కొడతానే ఉండా." నిజమే. ఫైర్‌వాల్‌లో ఆ దారి నంబరు తెరవడం మరిచాను. తెరిచాక రెండు సర్వర్లూ కలిసినట్టు పచ్చ గుర్తు వచ్చింది.

సెప్టెంబరు 9

రెండు గట్లకీ కలిపి సర్వర్లో ఒక గది, అందరూ రాసుకునేది. మొదటి మాట రమణయ్యది: అందరికీ నమస్కారం. అరగంట తర్వాత అవతలి నుంచి ఒకాయన — "ఈ నమస్కారం పోయినేడు నీళ్ళు వదిలేటప్పుడు పెట్టుంటే బాగుండు."

సెప్టెంబరు 10

షరతులు రెండు. గుంటలో తెల్లమచ్చ తెగులు కనిపిస్తే, నీళ్ళు కాలవలోకి వదిలేముందు గదిలో రాయాలి. చూసినవాళ్ళు కాలవ నీళ్ళు తోడుకోరు. పోయిన ఏడు ఎవరూ చెప్పలేదు... ఒకరు వదిలిన నీళ్ళు ఇంకొకరు తోడుకొని రెండు గట్ల రొయ్యలూ పోయాయి.

రెండో షరతు నాకూ జ్యోతికీ. సర్వరు నడిపేవాళ్ళు ఒకరి మాట ఇంకొకరికి మోయకూడదు. నా చేత దర్గాలో, ఆ అమ్మాయి చేత గంగమ్మ గుళ్ళో ఒట్టు వేయించారు.

సెప్టెంబరు 21

డిస్కు సగం నిండింది. రొయ్యల ఫోటోలు తక్కువ. దేవుళ్ళు, గులాబీలు, శుభోదయాలు. పెద్ద ఫోటోలు ఎక్కకుండా హద్దు పెట్టాను. మా గట్టు రైతు పెంచలయ్య మామ షాపుకే వచ్చాడు.

"ఏం బాషా, మా పెంచలకోన సామి నీ డబ్బాలో పట్టలేదంటనే?"

"ఒకసారి వస్తే పట్టును మామా. రోజుకి నలభై సార్లు వస్తే యాడ పెట్టేది?"

నవ్వాడు. మధ్యాహ్నం మళ్ళీ పంపాడు.

అక్టోబరు 12

ఏమీ లేదు. నడుస్తోంది.

అక్టోబరు 25

వాన. సర్వరు తన పని రాసుకునే లాగులో ఎర్ర గీతలు. అవతలి సర్వరు పలకడం లేదు. మా మాటలు మా దగ్గరే వరుసలో ఆగిపోతున్నాయి. వాళ్ళలో వాళ్ళకి అన్నీ మామూలే, అందుకని వాళ్ళకి తెలియదు. జ్యోతికి చెప్పాలి. షాపు నిండా జనం. రేపు.

అక్టోబరు 26, పొద్దున

ఆరున్నరకి గదిలో పెంచలయ్య మామ: "నా రెండో గుంటలో తెల్లమచ్చ. రొయ్యలు ఈరోజే పట్టేస్తా. నీళ్ళు వదులుతా. ఎవరూ తోడబాకండి." షరతు ప్రకారమే రాశాడు. పది నిమిషాలకి ఆ మాట తీసేశాడు.

ఏడింటికి షాపు ముందు నిలబడి ఉన్నాడు. రొయ్యలు కొనే వ్యాపారి బావమరిది అవతలి వాళ్ళలో ఉన్నాడు. ఆ సంగతి రాశాక గుర్తొచ్చిందట.

"లారీ వస్తాండాది బాషా. మచ్చని తెలిస్తే తిప్పుకొని పోతాడు. తీసేసినా. పోయినట్టేనా?"

పోయినట్టే అన్నాను.

"ఎవరికీ చెప్పబాక. ఒట్టేసుండావు."

టీ తాగమంటే తాగలేదు.

పదకొండు

మా గట్టున చూసినవాళ్ళు చూశారు. ఆరుగురు తూములు మూసుకున్నారు. అవతలికి ఒక్కరూ ఫోన్ చేయలేదు. రమణయ్యని కదిలించాను. "గదిలో రాసినాడు గదా. తీసేసేలోపల వాళ్ళూ చూసుంటార్లే."

చూడలేదు. మాట కాలవ దాటలేదు. ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే. నిన్ననే చెప్పి ఉంటే...

ఒంటిగంట

జ్యోతికి ఫోన్. మీ పోర్టు మూసుకుపోయిందన్నాను. అంతే అన్నాను.

"అయ్యో, మొన్న అప్‌డేట్ చేసినా. అప్పుడే పోయుంటది. ల్యాబులో ఉండాన్నా, సందు చూసుకొని తెరుస్తా."

తెరిస్తే వరుసలో ఉన్నదంతా వెళ్తుంది. తీసేసిన మాట మాత్రం ఖాళీగా వెళ్తుంది — ఎవరు రాశారో ఉంటుంది, ఏం రాశారో ఉండదు. ఆ ఖాళీ చూసి వాళ్ళే అనుమానపడితే నేను మోసినట్టు కాదు. అలా అనుకున్నాను.

మూడు

సగం గుంట పట్టారట. తూము తీశారు, నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. లారీ ఇంకా గట్టు మీదే ఉంది.

నాలుగున్నర

పచ్చ గుర్తు. రెండు సర్వర్లూ మాట్లాడుకుంటున్నాయి.

జ్యోతి నాకు విడిగా రాసింది: "అన్నా, మీ వైపు పెంచలయ్యగారు పొద్దున ఏందో రాసి తీసేసుండారే. ఏందది?"

ఐదున్నరకి సముద్రం పోటు. కాలవ నిండగానే వాళ్ళ నాన్న మోటారు వేసి గుంటల్లోకి తోడుకుంటాడు.

'ఏం లేదమ్మా' అని టైపు చేశాను. చెరిపాను. 'నాన్నని ఈ పూట' అని మొదలుపెట్టాను. అక్కడ ఆగాను.

కింద ఇంకొకటి వచ్చింది. "అన్నా, ఉండావా?"