ఆరుగురు కుర్రాళ్ళు, ఒక నోటి కట్టడి

మే 12, సోమవారం. ఉదయం 5.40

నిన్న సాయంత్రం మా కోడలు ధనలక్ష్మి వంకాయలు తరుగుతూ ఒక మాట చెప్పింది. హిమజ దసరా సెలవులకు ఇంటికి రానంటోందట. గుంటూరులో పిన్ని దగ్గరికి పోతుందట. కారణం అడిగాను. వంకాయ ముక్కల మీద నుంచి చూపు ఎత్తకుండా, “మీ నోరే అత్తయ్యా” అంది.

హిమజ నా మనవరాలు. విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. శనివారం వేసవి సెలవులకు వచ్చింది. వచ్చిన గంటలో నేను దానితో అన్నవన్నీ గుర్తు చేసుకుని వరసగా రాసి చూశాను. జుట్టు విరబోసుకున్నావేం. బ్యాగు గడపలో పెడతారా. గోడకి అంటించిన ఆ ఆరుగురు మగపిల్లలెవరు, మొహాలకి ఆ పౌడరేమిటి, ఒక్కడికైనా నుదురు కనిపిస్తోందా. మొత్తం పదకొండు. అందులో ‘బాగున్నావా’ లేదు.

నరసరావుపేటలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. లెక్క ఇలా తేలినప్పుడు ఒప్పుకోవాలి. అందుకే ఈ డైరీ.

తీర్మానం: ఈ నెల 25న ఆ పిల్ల బస్సెక్కేదాకా ఎవరినీ తిట్టను. దిద్దను. అడగని సలహా ఇవ్వను. నోరు జారితే ఆ పూటే ఇక్కడ రాస్తాను.

ఇదేం పెద్ద పని? అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టాను. నన్ను నేను కూర్చోబెట్టుకోలేనా!

5.55. పాలాయన ఆలస్యం. ఏమీ అనలేదు. చాలా సులువుగా ఉంది.

మే 13, మంగళవారం

జారినవి: సున్నా!

హిమజ 9.20కి లేచింది. నేను పెరట్లోకి వెళ్ళి కరివేపాకు దూశాను. కంచంలో సగం ఉప్మా వదిలేసింది. ఇంకొంచెం కరివేపాకు దూశాను. ఇంట్లో ఇప్పుడు నెలకు సరిపడా కరివేపాకు ఉంది.

ధనలక్ష్మి రెండుసార్లు ఒంట్లో ఎలా ఉందని అడిగింది. సాయంత్రం మా అబ్బాయి బీపీ మిషను పట్టుకొచ్చాడు. బీపీ బాగానే ఉంది. పట్టీ మోచేతి మీద కట్టాడు, పైకి కట్టాలి. చెప్పలేదు.

మే 15, గురువారం

జారినవి: ఒకటి. కాదు, సున్నా.

పక్కింటి మస్తాన్‌రావు అన్నయ్య కుళాయి కట్టకుండా పేపరు చదువుకుంటున్నాడు. నీళ్ళు వీధి దాకా వచ్చాయి. ఆయనకు నాలుగు మాటలు చెప్పాను. కానీ ఆయన మా ఇంటి మనిషి కాదు. తీర్మానం ఇంటి వరకే అని నా ఉద్దేశం. మొదట్లో స్పష్టంగా రాయకపోవడం పొరపాటు.

మే 16, శుక్రవారం. మధ్యాహ్నం 3.10

ఎదురింటి అల్ఫియా వచ్చింది. హిమజ, ఇది ఒకటో తరగతి నుంచీ జంట. హిమజ లోపలే ఉండిపోయి దీన్ని నా దగ్గరికి పంపింది. విషయం ఇది:

గోడ మీది ఆరుగురి బృందం పేరు లాంటర్న్ సిక్స్. కొరియా వాళ్ళు. ఊరూరా తిరిగి చేసిన కచేరీల మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. హైదరాబాదులో ఆడుతోంది, విజయవాడలో ఆడుతోంది. పేటలో ఎవరు వేస్తారు? ఈ పిల్లలు థియేటరు మేనేజరు బాబూరావును పట్టుకున్నారు. ఎనభై మందిని తెస్తే ఒక మార్నింగ్ షో వేస్తానన్నాడట. పిల్లలు నరసరావుపేటలోనే కాక మాచవరం, గురజాల, పిడుగురాళ్ల దాకా ఫోన్లు చేసి ఎనభై ఆరుగురిని కూడగట్టారు. అప్పుడు బాబూరావు రెండో షరతు పెట్టాడు. అందరూ ఆడపిల్లలు, ఏదన్నా గొడవైతే నా మీదికొస్తుంది, కోటేశ్వరమ్మ టీచరుగారు వచ్చి హాల్లో కూర్చుంటేనే వేస్తాను.

బాబూరావు నా శిష్యుడు. భిన్నాలు ఎప్పటికీ రాలేదు గానీ మనుషుల లెక్క బాగానే వచ్చింది.

వస్తానన్నాను. అప్పుడు హిమజ తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. సెలవులకు వచ్చాక నా మొహం చూసి మాట్లాడటం ఇదే మొదలు.

“రా నానమ్మా. కానీ హాల్లో నోరు తెరవొద్దు. ఒక్క మాట పడిందా, దసరాకి నేను రాను.”

అల్ఫియా చున్నీ కొస నములుతూ నేల చూసింది. చున్నీ నమలకూడదు. నేను తల ఊపాను.

మే 19, సోమవారం

జారినవి: మూడు. కానీ మూడూ ఒకే కారణానికి గనక ఒకటిగా లెక్క వేస్తున్నాను.

ఉదయం 7.30కి మస్తాన్‌రావు అన్నయ్య గేటు దగ్గర నిలబడి పిలిచాడు.

“ఏంది టీచరమ్మా, ఎలక్షన్లో నిలబడతన్నావంట? మల్లమ్మ సెంటరు ఫ్లెక్సీలో ఆ పైనున్న ఆరుగురూ ఎవరు, మన వార్డోళ్ళేనా? చానా చిన్నోళ్ళలాగున్నారే.”

మల్లమ్మ సెంటరుకు వెళ్ళి చూశాను. పన్నెండడుగుల ఫ్లెక్సీ. పైన ఆరుగురు కుర్రాళ్ళు. కింద వరసగా పిల్లల ఫొటోలు. కుడి పక్కన, ఆరుగురికన్నా పెద్దగా, నేను! రిటైర్మెంటు సభలో దండ మెడలో ఉండగా నమస్కారం పెట్టిన ఫొటో. కింద ‘గౌరవాధ్యక్షురాలు, లాంటర్న్ సిక్స్ అభిమాన సంఘం, పల్నాడు’.

వేసింది అల్ఫియా అన్న సల్మాన్. ఫ్లెక్సీ షాపు వాడిదే. అడిగితే వాడికి తప్పేమిటో అర్థం కాలేదు. పెద్దల బొమ్మ లేకుండా పేటలో ఫ్లెక్సీ కడితే ఇదెవరి తాలూకని అందరూ అడుగుతారట, సాయంత్రానికల్లా పీకేస్తారట. అదీ నిజమే. కానీ ఆ బొట్టు పక్కకు పోయిన ఫొటోనే దొరికిందా? ఈ మాట వాడితో అన్నాను. అక్షరాల రంగు గురించి అన్నాను. కట్టిన తాడు గురించి కూడా అన్నాను.

నేనన్నవి హిమజకు తెలియవు. సల్మాన్ చెప్పడు. వాడు మంచివాడు.

మే 21, బుధవారం

జారినవి: లెక్క తేలడం లేదు.

ధనలక్ష్మి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నేను మాట్లాడలేదు, కంచం వైపు చూశానంతే. చూపు మాట కిందికి వస్తుందా? రాదనుకుంటాను. హిమజ ఫోను చూస్తూ గుమ్మానికి గుద్దుకుంది. ‘ఊఁ’ అన్నాను. ‘ఊఁ’కి అర్థం లేదు.

అల్ఫియా నాన్న ఫరీద్ స్కూటరు రిపేరు షెడ్డు నుంచి సంచెడు దీపాలొచ్చాయి. అభిమానులు కచేరీలో ఊపే అసలైనవి కొనాలంటే తలకు మించిన ధరట. ఆయన ప్లాస్టిక్ గొట్టాలకు స్కూటరు ఇండికేటర్ బల్బులు బిగించి ఇచ్చాడు. నాకూ ఒకటి. వద్దని చెప్పడం సలహా కిందికి వస్తుందేమోనని తీసుకున్నాను.

మే 22, గురువారం. సాయంత్రం 4.00

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఉదయం 11 గంటల ఆట 11.25కి మొదలైంది. హాలు సంగతులు:

ముందు వరసల వాళ్ళు మొదటి పాటకు లేచి నిలబడ్డారు, ఇక కూర్చోలేదు. డబ్బిచ్చింది కుర్చీకి కదా అనుకున్నాను. అనలేదు.

మధ్య వరసల్లో ఏడుపు. పాట మొదలైతే ఏడుపు, అయిపోతే ఏడుపు. తెర మీద ఒకడు నీళ్ళు తాగితే కూడా ఏడుపు.

వెనక వరసలో పదిమంది కుర్రాళ్ళు. అల్లరి చేద్దామనే వచ్చారు, ఈలలు మొదలుపెట్టారు. వెనక్కి తిరిగి చూశాను. అందులో ఇద్దరి తండ్రులు నా దగ్గర చదివారు. తర్వాత ఈల వినబడలేదు.

నా పక్కన గురజాల నుంచి కూతుర్ని తీసుకొచ్చిన ఒకావిడ మూడో పాటకే నిద్రపోయింది. కూతురు ఏడుస్తూనే తల్లి తలను తన భుజం మీదికి సర్దుకుంది.

దీపాలు వెలిగించారు. ఫరీద్ వాటిని అలవాటుగా ఇండికేటర్లలాగే కలిపాడు. అన్నీ టిక్కుటిక్కుమని ఆరి వెలుగుతున్నాయి. ఎనభై స్కూటర్లు ఒకేసారి కుడివైపు తిరుగుతున్నట్టుంది. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి కోటప్పకొండ తిరునాళ్ళలో దూరం నుంచి బళ్ళ మీద కట్టిన ఎత్తైన ప్రభలు కదిలొస్తుంటే కనిపించే దీపాలు గుర్తొచ్చాయి.

ఆ ఆరుగురి గురించి. ఒకే అడుగు తెల్లారేదాకా వేస్తారు, తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మా బళ్ళో ఎక్కాలు అలాగే చెప్పించేదాన్ని. అందరికన్నా చిన్నవాడికి చీలమండ బెణికింది. ఆ తర్వాతి ఊళ్ళో కుర్చీలో కూర్చుని పాడాడు. వాద్యాలు ఆపేశారు. ఒక్క గొంతు. భాష తెలియదు గానీ వాడు రాగాన్ని ఒక్కో మెట్టూ పైకి ఎక్కిస్తున్నాడు, అంచు దగ్గరికి వచ్చాడు, గొంతు బొంగురుపోతోంది, అందుకుంటాడా లేదా. హాల్లో ఏడుపులు కూడా ఆగిపోయాయి.

లైట్లు వెలిగాయి. తెర మీద ‘విశ్రాంతి’. సమోసా బుట్టతో క్యాంటీన్ ఖాదర్ వలి లోపలికి వచ్చాడు.

ఆ చిత్రానికి విరామం లేదట. మన ఆపరేటరు నిడివిని సగం చేసి, సరిగ్గా అక్కడ కోశాడు.

చిన్నప్పుడు తిరునాళ్ళలో తెల్లవార్లూ పద్య నాటకాలు. మా నాన్న పక్కన చాప మీద కూర్చునేదాన్ని. హార్మోనియం పైకి పోతుంటే, నటుడు రాగం పట్టుకుని నిలబడితే, జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. అక్కడ తెర దించితే ఆ నాటకం కాంట్రాక్టరు ఊరు దాటేవాడు కాదు.

నేను లేచాను. లేచినట్టు నాకు తెలియదు. గొంతు మాత్రం తెలిసింది. ముప్పై నాలుగేళ్ళు మైకు లేకుండా పనిచేసిన గొంతు.

“ఒరేయ్ బాబూరావూ! పద్యం మధ్యలో తెర దించుతారంట్రా? వన్స్ మోర్!”

ఎనభై ఆరుగురు నన్నే చూస్తున్నారు. చేతిలో దీపం టిక్కుటిక్కుమంటోంది. హిమజ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. దసరా పోయింది అనుకున్నాను.

అప్పుడు వెనక వరస కుర్రాళ్ళు అందుకున్నారు. వన్స్ మోర్. తర్వాత గురజాల పిల్ల. నిద్రలో ఉన్న వాళ్ళమ్మ ఉలిక్కిపడి లేచి, ఏం అడుగుతున్నామో తెలియకుండానే వన్స్ మోర్. హాలంతా కాళ్ళతో నేలను దరువేస్తోంది. ఖాదర్ వలి బుట్ట దించి తనూ చప్పట్లు కొట్టాడు. బాబూరావు పరుగున వచ్చాడు, నా మొహం చూశాడు, పరుగున వెళ్ళాడు. లైట్లు ఆరాయి. పాట మొదటి నుంచీ వచ్చింది.

అందుకున్నాడు.

ఆటోలో ఇంటిదాకా హిమజ మొహం రోడ్డు వైపే పెట్టుకుంది. గేటు తీస్తూ, నీకు ఎవరు నచ్చారని అడిగింది. కుర్చీలో పాడినవాడు అన్నాను. అక్కడితో ఆపాల్సింది.

“కానీ వెన్ను వంచి కూర్చున్నాడే. ఊపిరెట్టా అందుద్ది? నిటారుగా కూర్చుంటే ఆ గొంతు బొంగురుపోదు.”

హిమజ నా వైపు తిరిగింది.

“మేమందరం రెండేళ్ళ నుంచి అదే మొత్తుకుంటన్నాం నానమ్మా. వింటేగా.”

అరుగు మీద కూర్చున్నాం. గంటన్నర. ఒకడికి చివరి పదం మింగే అలవాటు, ఇంకొకడు జుట్టు కళ్ళలో పడి అడుగు తప్పుతాడు, పెద్దవాడు చిన్నవాళ్ళకి అన్నం పెట్టకుండా తను తినడు, అదొక్కటీ బాగుంది. పిల్ల నాకన్నా గట్టిగా దిద్దుతోంది. అభిమానమంటే ఇంత తిట్టడమని నాకు తెలియదు.

దసరా మాట అది ఎత్తలేదు. నేను అడగలేదు.

మే 23, శుక్రవారం

ఉదయం 6 నుంచి 10 లోపు: గీజరు ఆపలేదని మా అబ్బాయిని. పదకొండు రోజుల ఉప్పు గురించి ధనలక్ష్మిని, ఒకేసారి. తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు, ఉప్మా వదిలేసినందుకు, 9.20కి లేచినందుకు హిమజను. చున్నీ నమిలినందుకు అల్ఫియాను. కుళాయి గురించి మస్తాన్‌రావు అన్నయ్యను మళ్ళీ.

లెక్క రాయడం మానేశాను.

ధనలక్ష్మి బీపీ మిషను తీసి బీరువాలో పెట్టేసింది. అత్తయ్యకు నయమైందని మా అబ్బాయితో చెబుతుంటే విన్నాను.

మే 25, ఆదివారం. ఉదయం 10.15

హిమజను బస్సెక్కించి వచ్చాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. బయట పెట్టొద్దన్నాను. లోపలికి తీసుకుని లోపలి నుంచే ఊపింది.

పద్నాలుగు రోజుల తీర్మానం పదకొండో రోజుకే కూలింది. అయినా మొదటి నాలుగు రోజులు నిలిచింది, గురువారం సంగతి పక్కన పెడితే. కాబట్టి మళ్ళీ మొదలు. ఇక జరగవలసినవి:

1. ఈ రోజు నుంచి తిట్టడం, దిద్దడం బంద్. పక్కింటివాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు.

2. చూపు, ‘ఊఁ’ ఒక్కొక్కటి సగంగా లెక్క.

3. మల్లమ్మ సెంటరు ఫ్లెక్సీ దించాలి. లేదా సల్మాన్ ఫొటో అయినా మార్చాలి. తొందరేం లేదు.

4. వచ్చేసారి పాట మధ్యలో విశ్రాంతి వేయనని బాబూరావు చేత కాగితం మీద రాయించుకోవాలి.

5. కుర్చీలో పాడే పిల్లవాడికి వెన్ను సంగతి ఎవరైనా చెప్పాలి. ఉత్తరం రాస్తే చేరుతుందేమో అల్ఫియాను అడగాలి.

6. దసరాకి వస్తున్నా. అక్టోబరులో వాళ్ళ రెండో సినిమా ఉంది, బాబూరావు అంకుల్‌తో మాట్లాడాను. నువ్వు నాతో పాటు ముందు వరసలో. అరవాలి.

ఆరోది నేను రాసింది కాదు. డైరీ తెరిచి ఒకటి నుంచి అయిదు దాకా రాసి పేజీ తిప్పితే, అవతలి పేజీ నెత్తి మీద ముందే పచ్చ ఇంకుతో ఉంది. చుట్టూ ఆరు లాంతర్ల బొమ్మలు. ఆ పిల్ల ఎప్పుడు రాసిందో తెలియదు, ఆరు అంకె మాత్రం నేనే వేశాను.

అడగకుండా ఒకరి డైరీ తీయడం తప్పు. దసరాకి వచ్చినప్పుడు గట్టిగా చెబుతాను.