తినే రా, ధర్మేంద్రా

ధర్మేంద్రా,

ఫోనులో మాట్లాడితే ఆసుపత్రి మంచం మీద ఉన్న మీ అన్నయ్య వింటాడని ఈ ఉత్తరం రాసి, మన ఊరు వస్తున్న యమున చేతికి ఇస్తున్నాను.

సోమవారం రక్తం ఇవ్వడానికి వచ్చేముందు కడుపునిండా తిను. కిందటిసారి శ్రీకూర్మం మొక్కుకు వెళ్లినట్టు తలస్నానం చేసి, ఉపవాసంతో వచ్చావు. "తినేసి ఇస్తే ఎంగిలయిపోదేటి వదినా?" అన్నావు. సూది గుచ్చకముందే కళ్లు తిరిగి పడిపోతే బ్లడ్ బ్యాంకు వాళ్లు వెనక్కి పంపేశారు. "ఒరే, సముద్రానికి బెదరనోడివి సూదికి పడిపోనావేట్రా!" అని మీ అన్నయ్య ఆ రోజంతా నవ్వాడు.

నీళ్లు బాగా తాగు. ముందు వేలు గుచ్చి పరీక్ష చేస్తారు. సూది దిగేటప్పుడు చురుక్కుమంటుంది, ఆ తర్వాత కాసేపు పడుకోవడమే. అయ్యాక గబుక్కున లేవకు, వాళ్లిచ్చే జ్యూసు తాగు. మర్నాడు వల లాగవద్దు.

ఇంతా రాసి, అసలు నిన్ను రమ్మనడం న్యాయమేనా అని ఆగిపోయాను. ఎక్కించిన రక్తం ఆయన ఒంట్లో రెండు రోజులైనా నిలవడం లేదు. ఇక ఎక్కించి లాభం లేదని నిన్న డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. నువ్విచ్చేది ఇంకెవరికో వెళుతుంది. ఆ సంగతి మీ అన్నయ్యకు తెలియదు. "తమ్ముడి రక్తం ఎక్కితే లెగిసి కూకుంటాను, సూడు" అంటున్నాడు. కాదని చెప్పే నోరు నాకు లేదు.

కాబట్టి రా. చేతికి పట్టీ ఉండగానే ఆయన దగ్గరికి వెళ్లి చూపించు. ఆయన నవ్వితే నువ్వూ నవ్వాలి. అదెలాగో మాత్రం నేను రాయలేను.

వదిన