ముగ్గురు సాక్షులు, ఒకే మాట

అన్నయ్యా, అలసట తప్ప నేను కులాసాగానే ఉన్నాను.

ఒక యుద్ధం గురించి మూడు ప్రాచీన గ్రంథాలు ఒకే మాట చెబుతుంటే, అదే నిజమని నమ్మి నా పరిశోధనా గ్రంథంలో ఒక అధ్యాయమంతా రాశాను. మా ప్రొఫెసరు, "ముగ్గురు సాక్షులు కాదమ్మా, ఒక్కడే! మాటకు మాట కలిసిందంటే మిగతా ఇద్దరూ వాణ్ణి చూసి రాసినట్టే" అని కొట్టేశారు. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

నా ఉన్ని శాలువా పంపించు. పెరటి పంపు బాగు చేయించారా?

అన్నట్టు, అమ్మ గురించి నువ్వూ, వదినా, నాన్నా ముగ్గురూ "కాస్త నీరసం, అంతకుమించి ఏమీ లేదు" అనే రాశారు, అక్షరం పొల్లు పోకుండా. నాకు భయంగా ఉంది.

నాన్నకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఈసారి కార్డు అమ్మ చేతే రాయించు. అక్షరాలు వంకరపోయినా సరే, తన మాటైతే చాలు.

నీ చెల్లి